పట్టాలు పీకేసిన స్టేషన్ చరిత్ర రాయడం: ఒక మిల్లు గుమాస్తా పద్ధతి

రామచంద్రపురంలో ఒక రైస్ మిల్లులో ముప్ఫై రెండేళ్ళు గుమాస్తాగా చేశాను. కాటా చీటీలు, హమాలీల కూలి, గోనెసంచుల నిలవ, మార్చి నెలాఖరుకి ఆడిటరుగారి ముందు తల గోక్కోవడం, ఇదే నా చదువు. 2009లో మా షావుకారుగారు పాత గోదాం పడగొట్టిస్తూ, అటక మీది దస్త్రాలన్నీ చిత్తుకాగితాలవాడికి తూకానికి వేసేయమన్నారు. వేసే ముందు అలవాటు కొద్దీ ఒకటి తెరిచాను. "రైలు కిరాయి" అని ఒక పద్దు కనబడింది. మా ఊరికి రైలు వచ్చి అప్పటికి ఐదేళ్ళు. ఆ దస్త్రానికి చూస్తే డెబ్భై ఏళ్ళ పైమాటే. ఇదేమిటండీ అని అడిగితే షావుకారుగారు "ఓ, పాత రైలా, మా తాత చెప్పేవాడు" అని మళ్ళీ ఫోన్‌లో పడిపోయారు.

అక్కణ్ణించి పదిహేనేళ్ళు ఆ పాత రైలు వెంట పడ్డాను. అందులో మూడేళ్ళు అచ్చంగా తప్పు చోట్ల వెతకడానికే పోయాయి. మీ ఊళ్ళోనూ ఒక మూసేసిన స్టేషన్ ఉండి, దాని సంగతి రాద్దామని మీకుంటే, ఆ మూడేళ్ళు మీకు మిగలాలని ఇది రాస్తున్నాను.

ఉదాహరణలన్నీ మా లైనువే కాబట్టి దాని సంగతి ముందు చెప్పేస్తాను. కాకినాడ నుంచి కోటిపల్లికి 45 కిలోమీటర్ల లైను 1928లో వేశారు. కరప, వాకాడ, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం, గంగవరం మీదుగా వెళ్ళి గోదారి గట్టున కోటిపల్లిలో ఆగిపోతుంది. రేవు దాటితే కోనసీమ. 1940లో, రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకని, పట్టాలు పీకేశారు. అంటే ఆ రైలు బతికింది ఒక్క పుష్కరం. తర్వాత అరవై నాలుగేళ్ళు కట్ట మాత్రమే. 2004లో మళ్ళీ లైను వేసి ఒంటిపెట్టె రైలుబస్సు తిప్పారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి దేశంలో బళ్ళన్నీ ఆగినప్పుడు అదీ ఆగింది. నేను తవ్వింది 1928 నుంచి 1940 దాకా నడిచిన రైలు గురించి.

ముందు పుస్తకం కొనండి

మొదటిరోజే స్టేషనుకో లైబ్రరీకో పరుగెత్తకండి. బజారుకెళ్ళి నాలుగు దస్తాల లాంగ్ పుస్తకం ఒకటి తెచ్చుకోండి. ప్రతి పేజీకీ మూడు గడులు కొట్టండి. ఎడమ గడిలో తేదీ. మధ్యలో సంగతి. కుడి గడిలో వోచరు, అంటే ఆ సంగతి ఏ కాగితంలో దొరికింది, లేదా ఎవరు చెప్పారు, ఏ రోజున చెప్పారు. వోచరు లేని పద్దు పుస్తకంలో ఎక్కకూడదు. "అందరికీ తెలిసిందే కదా" అన్నది వోచరు కాదు. ఆడిటరు ముందు ఆ మాట అని చూడండి, ఏమవుతుందో.

వెనక వైపు నుంచి ఇరవై పేజీలు విడిగా పెట్టి పైన "అనామతు" అని రాయండి. నా పద్ధతి మొత్తం ఈ ఇరవై పేజీల్లోనే ఉంది. లెక్కలు రాసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతాను. ఎవరో మనిషి వస్తాడు, గల్లాలో రెండు వేలు కట్టి పోతాడు, ఏ బాకీ కిందో చెప్పడు. డబ్బు వచ్చిన మాట నిజం. ఎవరి ఖాతాకి జమ చెయ్యాలో తెలీదు. అలాంటిది పారెయ్యలేం, ఎవరో ఒకరి ఖాతాలో పడెయ్యనూలేం. అనామతులో రాసి ఉంచుతాం. మనిషెవరో తేలాక అక్కణ్ణించి తీసి సరైన ఖాతాకి మారుస్తాం.

ఊరి కథలూ అంతే. మా పట్టాలు ఓడకెక్కించారనీ, ఆ ఓడ నడిసముద్రంలో మునిగిపోయిందనీ నాకు ఎనిమిది మంది చెప్పారు. ఎనిమిది మంది చెప్పినంత మాత్రాన ఎనిమిది వోచర్లు అయిపోవు. ఒక్క నోటి నుంచే అది ఎనిమిది చెవులకి పాకి ఉండొచ్చు. అలాగని కొట్టిపారెయ్యడానికి నేనెవర్ని? నా అనామతులో మొదటి పేజీ మొదటి పద్దు ఆ ఓడే.

ఊరికి ఎన్ని పేర్లున్నాయో చూసుకోండి

ఇంగ్లీషు కాగితాల్లో కాకినాడ అని వెతికినంతకాలం నాకు ఒక్క ముక్క దొరకలేదు. దొరల రాతలో అది కొకనాడ. ఆ పేరు ఇప్పటికీ పోలేదు, రైల్వే కోడ్‌లో దాక్కుని ఉంది. కాకినాడ టౌన్ స్టేషన్ కోడ్ సి.సి.టి., కాకినాడ పోర్టుది సి.ఓ.ఏ. "కె" ఎక్కడా లేదు చూడండి. విజయవాడకి బి.జెడ్.ఏ. అని ఉండటం కూడా బెజవాడ అన్న పాత పేరు వల్లే. టికెట్ మీద ఏళ్ళ తరబడి చూస్తూ ఎందుకో అనుకోం.

మీ ఊరి పేరుని ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్నీ ఒక పేజీలో రాసుకోండి. కోటిపల్లి, కోటిపల్లె. ద్రాక్షారామం, ద్రాక్షారామ. చివర సున్నా ఉన్నా లేకున్నా వెతుకుడులో తేడా వస్తుంది.

కంపెనీ ఎవరిదో తేలితే కాగితం ఎక్కడుందో తేలుతుంది

నేను పోగొట్టుకున్న మూడేళ్ళూ ఇక్కడే. మన జిల్లా సంగతి కాబట్టి హైదరాబాదులోనో, రైల్వే వాళ్ళ దగ్గరైతే సికింద్రాబాదులోనో ఉంటుందనుకున్నాను. తప్పు. మా లైను పుట్టి చచ్చిపోయేనాటికి ఆంధ్ర రాష్ట్రమే లేదు, అది 1953లో వచ్చింది. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరులో పుట్టింది. మా లైను బతికిన రోజుల్లో గోదావరి జిల్లా మద్రాసు రాజధానిలోది, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలోది, ఇక్కడి రైళ్ళు మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీవి. ఆ కంపెనీని 1944లో సర్కారు తీసుకుంది, 1951లో అది దక్షిణ రైల్వేలో కలిసింది. కాబట్టి వెతకాల్సిన ఊరు చెన్నై. ఎగ్మోరులో తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది. అక్కడ ప్రజాపనుల శాఖలో రైల్వే విభాగం జీవోలు, వాటికి ఏడాదివారీ సూచికలు ఉంటాయి. గుర్తింపు కార్డు, ఎందుకు చూడాలనుకుంటున్నారో చెప్పే ఉత్తరం పట్టుకెళ్ళండి. పెన్సిల్ కూడా. పాత కాగితాల దగ్గర పెన్ను బయటికి తీయడం మంచి పద్ధతి కాదు.

మీ ఊరు వేరే వైపైతే లెక్క మారుతుంది. సాలూరు, బొబ్బిలి వైపు లైన్లు బెంగాల్ నాగపూర్ రైల్వేవి, వాళ్ళ పెద్దాఫీసు కలకత్తా గార్డెన్ రీచ్. చిత్తూరు వైపు కొంత భాగం సౌత్ ఇండియన్ రైల్వేది, దానికి తిరుచిరాపల్లి. తెలంగాణ అయితే నిజాం రైల్వే. దాన్ని 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ చేతుల్లోంచి తీసుకుంది. ఆ కాగితాల కోసం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కి వెళ్ళాలి, ఉర్దూ చదవగలిగినవాళ్ళని వెంట తీసుకెళ్ళాలి.

ఇంకో తప్పు కూడా చెప్పేస్తాను. జిల్లా చరిత్ర అనగానే ఎవరైనా గెజిటీరు, అంటే జిల్లా వివరాలన్నీ రాసిన సర్కారు పుస్తకం, తెమ్మంటారు. నేనూ హెమింగ్వే రాసిన గోదావరి జిల్లా గెజిటీరు సంపాదించి పేజీ పేజీ తిరగేశాను, మా రైలు కోసం. ఆ పుస్తకం వచ్చింది 1907లో. రైలు వచ్చింది 1928లో. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి నాకు ఒక వేసవి పట్టింది. అయితే ఆ కష్టం వృథా అననులెండి. రైలు రాకముందు ఈ డెల్టాలో సరుకు ఎలా కదిలేదో, కాలవల మీద పడవలు ఎలా నడిచేవో అందులో ఉంది. రైలు ఏం మార్చిందో చెప్పాలంటే ముందున్నదేమిటో తెలియాలి కదా.

తేదీలకి అన్నిటికంటే పనికొచ్చింది పాత టైమ్ టేబుళ్ళు. బ్రిటిష్ కాలంలో న్యూమన్ కంపెనీ వేసిన ఇండియన్ బ్రాడ్‌షా అని దేశం మొత్తానికి రైళ్ళ వేళల పుస్తకం వచ్చేది. కొన్ని సంచికలు స్కాన్ అయి ఇంటర్నెట్‌లో ఉన్నాయి. మీ స్టేషన్ ఒక ఏడాది పుస్తకంలో ఉండి తర్వాతి దాంట్లో లేకపోతే, మూసివేత ఆ రెంటి మధ్య జరిగినట్టే. ఎవరి జ్ఞాపకంతోనూ పనిలేదు. రైల్వే బోర్డు కూడా అప్పట్లో దేశంలో ఏ ముక్క లైను ఏ రోజున తెరిచారో వరసగా అచ్చువేసేది, కట్టినవీ కడుతున్నవీ అని దాని పేరులోనే ఉంటుంది. లైను తెరిచిన తేదీకి దాన్ని మించిన వోచరు లేదు.

పాత పత్రికలు మరో దారి. ఆంధ్రపత్రిక 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వచ్చింది. ప్రెస్ అకాడమీ వాళ్ళు పాత సంచికలు చాలా స్కాన్ చేయించారు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలోనూ పాత పత్రికలున్నాయి. ఇక్కడ పేరు కొడితే వెతికిపెట్టే సౌకర్యం మీద ఆశ పెట్టుకోకండి. పాత తెలుగు అచ్చుని కంప్యూటరు చదవలేదు, మీరే చదవాలి. తేదీ దాదాపుగా తెలిస్తే అటు నెల, ఇటు నెల తీసుకుని రోజుకి పది పేజీల చొప్పున కూర్చోండి. అంతకంటే ఎక్కువ చదివితే కళ్ళు అక్షరాల మీద జారిపోతాయి, కావలసిన ముక్క కళ్ళముందే దాటిపోతుంది. నాకు జరిగింది. రెండోసారి చూసినప్పుడు దొరికింది.

షావుకార్ల అటకలు

సర్కారు కాగితంలో లైను ఎప్పుడు తెరిచారో ఉంటుంది. ఆ లైను వల్ల ఎవరి బతుకు ఎలా నడిచిందో తెలియాలంటే వ్యాపారస్తుల చిట్టా (రోజువారీ లెక్క), ఆవర్జా (ఖాతాల పుస్తకం) చూడాలి. మార్కెట్ ఊళ్ళో స్టేషన్ అంటే మనుషులకంటే ముందు బస్తాల కోసం. బియ్యం, కొబ్బరి, బెల్లం, పొగాకు, మీ ఊళ్ళో ఏది ఆడితే దాని కొట్టువాళ్ళ ఇంటికి వెళ్ళండి. "చరిత్ర రాస్తున్నాను, పాత దస్త్రాలు చూపించండి" అనకండి. ఇన్‌కంటాక్స్ వాళ్ళేమో అని టెన్షన్ పడతారు. "మీ తాతగారి చేతిరాత చూడాలని ఉందండి" అనండి. కాఫీ కూడా ఇస్తారు.

చదవడం రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది. అంకెలు చాలాచోట్ల తెలుగు అంకెలే. ౨కీ ౩కీ తేడా ఒక్క కొసలో ఉంటుంది, కలం మొద్దుదైతే ఆ కొసా ఉండదు. అనుమానం వస్తే పేజీ అడుగున వేసిన మొత్తంతో కూడి చూసుకోండి, సరిపోయిన అంకే సరైనది. రూ. 3-6-0 అంటే మూడు రూపాయల ఆరణాలు. రూపాయికి పదహారు అణాలు, అణాకి పన్నెండు పైలు. నయాపైసలు 1957లో వచ్చాయి కాబట్టి వాటితో రాసిన లెక్క మన కాలానిది కాదు. బేడ అంటే రెండణాలు, పావలా నాలుగు.

సంవత్సరం దగ్గర మాత్రం జాగ్రత్త. చాలా చిట్టాల్లో ఇంగ్లీషు ఏడాది ఉండదు, ప్రభవ, విభవ అని ఉంటుంది. అరవై ఏళ్ళకి అదే పేరు మళ్ళీ వస్తుంది. దీనికి నా చిట్కా ఇది. కిందటి చక్రంలో ప్రభవ 1927 ఉగాదికి మొదలైంది. మీకు దొరికిన పేరు వరసలో ఎన్నోదో చూసి, అందులో ఒకటి తీసేసి, 1927కి కలపండి. విక్రమ పద్నాలుగోది. పదమూడు కలిపితే 1940. ఉగాది ముందు నెలలైతే ఇంకో ఏడాది ముందుకి జరుగుతుంది, అంటే విక్రమ పుష్యం, మాఘం 1941లో పడతాయి. ఇప్పటి చక్రంలో మళ్ళీ విక్రమ ఎప్పుడొచ్చిందో చూడండి, 2000లో. అమలాపురం ఎంపీ, అప్పటి లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి గారి పట్టుదలతో కోటిపల్లి నుంచి నరసాపురానికి 57 కిలోమీటర్ల కొత్త లైను మంజూరైంది 2000-01లో. పట్టాలు పీకేసింది విక్రమలో, ముందుకి పొడిగిస్తామన్నదీ విక్రమలో. ఇందులో అర్థమేమీ లేదు, కానీ రాత్రి పదకొండింటికి లెక్క వేస్తుంటే బయటపడి నవ్వొచ్చింది.

మా మిల్లు చిట్టాలో నేను చూసింది ఇంతే. ప్రమాది నామ సంవత్సరంలో, అంటే 1939-40లో, "రైలు కిరాయి" పద్దు వారం వారం ఉంది. పక్కనే స్టేషన్ దాకా బండి బాడుగ, స్టేషన్లో హమాలీ కూలి. విక్రమ చివరికొచ్చేసరికి ఈ మూడూ లేవు. వాటి చోట "పడవ కిరాయి" వచ్చింది. ఏ నెలలో మారిందో చెప్పే పేజీ మీద ఆముదమో కిరసనాయిలో పడి అట్టకట్టుకుపోయింది. వెలుతురుకి పెట్టి చూశాను, మనవడి చేత ఫోన్‌లో ఫొటో తీయించి రంగులు మార్పించి చూశాను. రాలేదు. కాబట్టి నా పుస్తకంలో తేదీ గడిలో "1940" అని మాత్రమే ఉంది. నెల రాయాలని చెయ్యి ఎంత పీకినా రాయలేదు.

పెద్దవాళ్ళని అడగడం

"ఏ సంవత్సరమండీ?" అని అడక్కండి. తోచిన అంకె ఏదో చెబుతారు, మీరు దాన్ని పట్టుకుని వేలాడతారు. "అప్పటికి మీకు పెళ్ళయిందా?", "ఆ ఏడు పుష్కరాలు వచ్చాయా?", "కాకినాడలో బాంబులు పడకముందా, పడ్డాకా?" ఇలా అడగండి. గోదావరి జిల్లాల్లో పుష్కరాలకి మించిన కేలండరు లేదు.

2009లో మా వీధి చివర ఒక మామ్మగారు ఉండేవారు, ఎనభై ఎనిమిదేళ్ళు. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. పాత రైలు గుర్తుందా అంటే చేతులు ఆగలేదు, చూపు మాత్రం ఆగింది. "పుష్కరాలకి కోటిపల్లి వెళ్ళాం కాదూ. మా అమ్మ నాకు కొత్త పరికిణీ కుట్టించింది. కిటికీ దగ్గర నేనే కూచుంటానని ఏడ్చాను. కూచున్నాక కంట్లో బొగ్గు నలుసు పడింది. మళ్ళీ ఏడ్చాను. అమ్మ కొంగు ఉండచుట్టి నోటి ఆవిరి పట్టి కంటికి అద్దింది. కోటిపల్లి వచ్చేదాకా ఒక కన్నుతోనే చూశాను రైలంతా." టికెట్ ఎంత అంటే, "డబ్బు సంగతి మగాళ్ళకి తెలుస్తుంది నాయనా" అన్నారు.

ఇందులో తేదీ ఎక్కడుందో చూడండి. రైలు ఉన్నది 1928 నుంచి 1940 దాకా. ఆ మధ్యలో గోదావరి పుష్కరాలు వచ్చింది ఒక్కసారే, 1932లో. ఆవిడకి అప్పుడు పదకొండేళ్ళు. పరికిణీ వయసే. వయసు, పుష్కరం, రైలు మూడూ ఒకచోట కలిశాయి కాబట్టి ఆ పద్దు నేరుగా పుస్తకంలోకి ఎక్కింది, అనామతు తొక్కలేదు. అదే ఇప్పటి కుర్రాడు "పుష్కరాలకి రైల్లో కోటిపల్లి వెళ్ళాను" అంటే అది 2015, రైలుబస్సు. 2003 పుష్కరాలకి వెళ్ళాను అంటే మాత్రం ఎక్కడో పొరబడుతున్నాడు, లైను తెరిచింది ఆ తర్వాత ఏడాది.

ఇంకో పెద్దాయన దగ్గర నేను చేసిన పని మీరు చెయ్యకండి. ఆయన చిన్నప్పుడు కాకినాడలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేవారట. జపాను బాంబులు పడ్డ మర్నాడు రైలెక్కి రామచంద్రపురం పారిపోయి వచ్చామని చెప్పారు. బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. నేను లెక్కలవాణ్ణి కదా, వెంటనే "అప్పటికి మన రైలు లేదండి, రెండేళ్ళ ముందే తీసేశారు" అన్నాను. ఆయన మొహం ముడుచుకుపోయింది. "ఆయ్, మీకన్నీ తెలుసు కదండి, నన్నెందుకు అడగడం" అని లోపలికెళ్ళిపోయారు. ఏడాది పాటు నాతో మాట్లాడలేదు.

తర్వాత వాళ్ళ తమ్ముడుగారు విషయం విప్పారు. రైలెక్కింది నిజమే. కాకినాడలో ఎక్కి సామర్లకోట మీదుగా మెయిన్ లైన్లో ద్వారపూడి వచ్చి దిగారు. అక్కణ్ణించి మండపేట మీదుగా ఎడ్లబండి. పిల్లాడి మనసులో రైలు మిగిలింది, బండి జారిపోయింది. ఆయన అబద్ధమాడలేదు, నేనే సగం విని తీర్పు చెప్పాను. ఆ పద్దు అనామతులోంచి తీసి సరైన ఖాతాకి మార్చాను. పైగా చరిత్రకి అది ఇంకా విలువైన ముక్క, లైను పోయాక ఊరివాళ్ళు ఎంత చుట్టూ తిరగాల్సి వచ్చిందో అందులో కనబడుతోంది. ఎదురు చెప్పాలనిపిస్తే నోరు కట్టుకుని, "దిగాక ఇంటికి ఎలా వచ్చారండీ?" అని అడగండి చాలు.

రికార్డు చేస్తే ఫోన్ ఎదురుగా పెట్టి, చెప్పి మరీ చెయ్యండి. జేబులో దాచి చేస్తే అది దొంగ లెక్కే.

కట్ట వెంట నడక, ఇనుప ముక్కలు

పాత కట్టని కళ్ళతో పట్టుకోవడం కష్టమేమీ కాదు. రైలు ఎడ్లబండిలాగా గబుక్కున తిరగలేదు, కాబట్టి పొలాల మధ్య చాలా దూరం నిదానంగా వంగుతూ పోయే గట్టు ఉంటే అనుమానించండి. 1950ల్లో అమెరికా సైన్యం అచ్చువేసిన మన దేశపు మ్యాపులు టెక్సాస్ యూనివర్సిటీ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తహసీల్దారు ఆఫీసులో గ్రామ పటం, ఎఫ్.ఎం.బి. (సర్వే నంబర్ల కొలతల పుస్తకం) చూస్తే సన్నగా పొడుగ్గా పోయే సర్వే నంబర్లు కనిపిస్తాయి. పొలం అంత సన్నగా ఎవరూ దున్నరు.

పట్టాల మీద నిలువు భాగంలో ఉబ్బెత్తు అక్షరాలుంటాయి: తయారుచేసిన కంపెనీ, గజానికి ఎన్ని పౌన్ల బరువో, ఏ సంవత్సరమో. తుప్పు మీద సుద్దముక్క అడ్డంగా పెట్టి రుద్దితే అక్షరాలు లేస్తాయి. చీకటి పడ్డాక టార్చి పక్క నుంచి వేసి చూస్తే ఇంకా బాగా తెలుస్తాయి. మా పక్క ఊళ్ళో ఒక పశువులపాకకి పట్టా ముక్కే గుంజ. పాత కోటిపల్లి రైలుదని మూడు తరాలుగా చెప్పుకుంటున్నారు. సుద్ద రుద్దితే 1956 అని లేచింది. పాకవాళ్ళ ముందు ఏమీ అనలేదు. అప్పటికే నాకు బుద్ధొచ్చింది.

అట్ట టికెట్లు దొరికితే అదృష్టమే. మన బొటనవేలంత వెడల్పు, దానికి రెట్టింపు పొడవు ఉండే మందపాటి ముక్క, వరస నంబరు, మిషన్‌లో గుద్దిన తేదీ. తేదీ కొన్నిసార్లు సిరా లేకుండా అచ్చు నొక్కు మాత్రమే ఉంటుంది, వెలుతురుకి ఏటవాలుగా పట్టుకోవాలి. మా లైనుది నాకు ఒక్కటీ దొరకలేదు.

రైల్వే స్థలంలోంచి చిన్న బోల్టు కూడా ఇంటికి తేకండి. రైల్వే ఆస్తి దగ్గర పెట్టుకోవడం మీద 1966 నాటి చట్టం ఉంది, గుర్తుగా తెచ్చుకున్నానంటే వినరు. నడిచే లైను మీదికి అనుమతి లేకుండా వెళ్ళడం కూడా నేరమే. ఫొటో తీసుకుని, కొలత రాసుకుని వచ్చెయ్యండి.

సమాచార హక్కు దరఖాస్తు గురించి రెండు ముక్కలు. ఫీజు పది రూపాయలు, పోస్టల్ ఆర్డరు తీసినా ఆన్‌లైన్లో కట్టినా సరే. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి, కాపీ పేజీకి రెండు రూపాయలు. "ఎందుకు మూసేశారు?" అని అడిగితే ఒక ఆఫీసు నాకు ఒక్క వాక్యం పంపింది, రికార్డులో లేదని. కారణాలు అడక్కూడదు, కాగితాలు అడగాలి: ఫలానా లైను భూమి పటం కాపీ, ఫలానా స్టేషన్ ప్లాను కాపీ. రెండోసారి అలా అడిగాను, పటం వచ్చింది.

రాసేటప్పుడు

1853లో బొంబాయి నుంచి ఠాణాకి మొదటి రైలు నడిచింది అని మొదలెట్టకండి. ఆ సంగతి మీ ఊరివాళ్ళకి అక్కర్లేదు. బొగ్గు నలుసుతో మొదలెట్టండి, లేదా బస్తాతో. మూసివేత దగ్గర మాత్రం ఊరి పొలిమేర దాటి బయటికి చూడాలి, లేకపోతే మన ఒక్కరికే అన్యాయం జరిగిందనిపిస్తుంది. యుద్ధంలో మన ఒక్క లైనే పోలేదు. కేరళలో షొరనూర్ నుంచి నిలంబూర్‌కి వెళ్ళే లైను 1941లో పీకారు. కాంగ్రా లోయలో నగ్రోటా నుంచి జోగిందర్‌నగర్ ముక్క 1942లో పోయింది. రెంటికీ ఒక పోలిక ఉంది, మాదానిలాగే కొసకెళ్ళి ఆగిపోయే లైన్లు. తీసేసినా పెద్ద బళ్ళకి అడ్డం రాదు. ఇక్కడిదాకా సమానమే. ఆ రెండూ 1954లో తిరిగొచ్చాయి. మాది 2004లో. ఈ యాభై ఏళ్ళ తేడా పక్కన నేను ఏ కారణమూ రాయలేదు, వోచరు లేదు కనక. అంకెలు రెండూ ఒకే వరసలో పెట్టి ఊరుకున్నాను. చదివినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తిట్టుకుంటున్నారు.

పుస్తకం యాభై కాపీలు వేయించాను, జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగు. ఒకటి గ్రంథాలయానికి, ఒకటి హైస్కూలుకి, మాట్లాడిన ప్రతి ఇంటికీ ఒకటి. మామ్మగారి కాపీ వాళ్ళ కోడలు తీసుకుంది. దస్త్రాల ఫొటోలు మూడుచోట్ల దాచాను, అందులో ఒకటి విశాఖలో మా అమ్మాయి ఇంట్లో.

అనామతులో ఇంకా పదకొండు పద్దులు తేలాల్సి ఉన్నాయి. మొదటి పేజీలో ఓడ అలాగే ఉంది. ఈమధ్య తొమ్మిదో మనిషి కూడా చెప్పాడు, ఈసారి ఓడ పేరుతో సహా. పేరు పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టాను.